అడుగున రాసిన మాట

మా కారు కిందికి పిల్లి దూరాలన్నా పొట్ట లోపలికి పీల్చుకోవాలి. రెండే తలుపులు, నేలకి జానెడు కూడా ఎడం లేని ఒళ్ళు. అందరూ కారు ఎక్కుతారు, మేం దిగుతాం. అందరూ కారు దిగుతారు, మేం లేస్తాం. లేచేటప్పుడు నోటినుంచి వచ్చే "అమ్మా" వయసుని బట్టి ఒక్కొక్కరికి ఒక్కో పొడవుంటుంది. మా ఆయనది ఈమధ్య బాగా సాగింది.

నాకు మాత్రం ఆ కారంటే ప్రాణం. పెళ్ళయిన పదహారేళ్ళకి డ్రైవింగ్ నేర్చుకున్నది అందులోనే. ఆ సీట్లో కూర్చుంటే లోకం నడుం కిందినుంచి కనిపిస్తుంది. బస్సు చక్రాల నట్లు, కుక్కల అభిప్రాయాలు, పెద్దమనుషుల బూట్ల కింద అంటుకున్న కాగితాలు. మొహాలు చూస్తే తెలియనివి చాలా తెలుస్తాయి. పైగా మా ఇంట్లో నాలుగు గదులున్నా, తలుపు వేసుకుంటే ఎవరూ వచ్చి "కత్తెర ఎక్కడ పెట్టావ్?" అని అడగని గది అదొక్కటే.

అలాంటి కారుని మర్నాడు సాయంత్రం నాలుగింటికి పళ్ళ డాక్టరుకి అమ్మేస్తున్నానని శనివారం రాత్రి భోజనాల దగ్గర మా ఆయన ప్రకటించారు. నన్ను అడగలేదు. వాళ్ళమ్మని అడగలేదు. మంచినీళ్ళ గ్లాసు మాత్రం అడిగారు.

"ఎందుకు అమ్మడం?" అన్నాను.

"ఆయిల్ మార్చాలి."

"ఆయిల్ మార్చాల్సి వస్తే కారు అమ్మేస్తారా? తల మాస్తే తల తీయించుకుంటారా?"

ఆయన విసుక్కోలేదు. నిజానికి ఆయన బాధా నిజమే. మెకానిక్కు షెడ్డులో కారుని పైకెత్తే లిఫ్టు మీదికి మా బండి ఎక్కదు. ఎక్కబోతే ముందు మూతి నేలకి గీసుకుంటుంది. పోయిన రెండుసార్లూ పైనుంచి సన్న పైపు పెట్టి పాత ఆయిల్ పీల్చేశాడు. ఈసారి చేతులెత్తేశాడు. "పైపైన పీల్చింది చాలు సార్, అడుగున మడ్డి పేరుకుంది. కింది బోల్టు విప్పి దించకపోతే ఇంజను పోతుంది. మీ బండి కిందికి నేను దూరను, నాకు పెళ్ళాం పిల్లలున్నారు" అన్నాట్ట.

"నాన్న ఉండగా ఇంట్లోనే మార్చేవాడు" అన్నారు మా ఆయన. "ఆయనకున్న ఓపిక నాకు లేదు." అంటూ తన పొట్ట వైపు చూసుకున్నారు. ఓపిక అక్కడ ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

మా మామగారు పోయి మూడేళ్ళయింది. దుకాణాలకి బోర్డులు రాసేవారు. మోకాళ్ళు అరిగిపోయిన ఒక హోటలాయన వదిలించుకుంటే ముచ్చటపడి కొన్న కారు ఇది. ఆరునెలలకోసారి దీనికి ఆయిల్ మార్చడం మా వీధిలో ఒక వేడుకలా జరిగేదట. ఆ రోజు అత్తగారు నన్ను ఏదో ఒక పనిమీద బజారుకి పంపించేవారు కాబట్టి నేనెప్పుడూ చూడలేదు. మా ఇంటి షెడ్డు షట్టరు కిందికి దింపేవారు. గంట తర్వాత పైకెత్తేవారు. మోచేతుల దాకా నల్లబడ్డ చేతులతో ఆయన గేటు దగ్గర నిలబడితే, వచ్చేపోయేవాళ్ళు "ఆ చేతుల్లో విద్యుంది" అని తలలాడించేవారట. మా ఆయన ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఆ చేతుల దగ్గరికి వచ్చేసరికి గొంతు కొంచెం మారుతుంది.

"రేపు నాలుగింటిలోపు నేను మారిస్తే?" అన్నాను.

"నువ్వా?"

"వంటింట్లో నూనె, కారులో ఆయిల్. జిడ్డు ఒకటే, మర్యాదే వేరు. మారిస్తే ఉంచుకుందామా?"

ఆయన నవ్వారు. ఆ నవ్వే ఆయన్ని ముంచింది. "మారిస్తే ఉంచుకుందాం. మాటంటే మాట."

అత్తగారు తల ఎత్తలేదు. పెరుగు గిన్నె వైపు చూస్తూ, "మీ ఇష్టం" అన్నారు. ఆవిడ 'మీ ఇష్టం' అన్నారంటే ఆవిడ ఇష్టం ఇంకేదో ఉందని అర్థం. ఏమిటన్నది మాత్రం ఇరవై ఏళ్ళ కాపురంలో నేను ఒక్కసారీ ముందుగా కనుక్కోలేకపోయాను.

*

ఆదివారం పొద్దున స్పేర్ పార్టుల కొట్టుకి వెళ్ళి ఆయిల్ డబ్బా, ఫిల్టరు, రాగి వాషరు తెచ్చుకున్నాను. మధ్యాహ్నం ఒంటిగంటకి షెడ్డులో రంగప్రవేశం చేశాను. మా ఆయన కుర్చీ వేసుకుని ప్రేక్షకుల్లో కూర్చున్నారు. అత్తగారు గుమ్మం దగ్గర పేముకుర్చీలో బఠానీలు ఒలుస్తున్నారు. రోజూ వంటింట్లో ఒలుస్తారు. ఆవేళ అక్కడ గాలి ఆడటం లేదట.

ముందు ఇంజను పదినిమిషాలు వెచ్చబెట్టాను. చల్లటి ఆయిల్ కదలదు, వెచ్చబడితే పరిగెడుతుంది. ఈ సూత్రం వంటింట్లో ఎప్పుడో కంఠతా వచ్చింది. తర్వాత జాకీ తెచ్చి ముందు చక్రాల మధ్య తోశాను. పోలేదు. జాకీ తల ఎత్తు, కారు ఎడం కంటే రెండు వేళ్ళు ఎక్కువ. కారు ఎత్తాలంటే జాకీ కిందికి దూరాలి. జాకీ దూరాలంటే కారు ఎత్తాలి.

"చెప్పానా?" అన్నారు మా ఆయన, ఏమీ చెప్పకుండానే.

నేను చుట్టూ తిరిగాను. పక్కనుంచి తోశాను. వెనకనుంచి తోశాను. జాకీకి నచ్చజెప్పాను. ఒంటిగంటన్నర అయింది.

"స్టోరుగదిలో పిండి డబ్బాల కింద రెండు చెక్కలున్నాయిగా" అన్నారు అత్తగారు, బఠానీతో మాట్లాడుతున్నట్టు.

ఆ చెక్కలు నాకు బాగా తెలుసు. పిండి డబ్బాలకి చెమ్మ తగలకుండా వేసినవని చెప్పారు. ప్రతిసారీ గది తుడిచేటప్పుడు వాటిని చూసి ఒక అనుమానం వచ్చేది. డబ్బాల కింద చెక్కకి ఒక కొస ఎందుకు వాలుగా కోశారు? డబ్బా ఏమన్నా నడిచి ఎక్కుతుందా? ఒకసారి అడిగితే "వడ్రంగి బద్ధకం" అన్నారు.

డబ్బాలు దింపి చెక్కలు తిరగేశాను. కిందివైపు టైరు గుర్తులున్నాయి, వరసగా, గాజుల అంచుల్లా.

నేను నోరు తెరవబోయి మానుకున్నాను. ఒక ప్రశ్నకి ఒక జవాబే వస్తుంది. ఊరుకుంటే నాలుగు వస్తాయని నా అనుభవం. చెక్కల్ని ముందు చక్రాలకి ఆనించాను, కారు స్టార్టు చేసి మెల్లగా ముందుకు పోనిచ్చాను. చక్రాలు వాలు మీదుగా బుద్ధిగా పైకెక్కాయి. మూతి నాలుగు వేళ్ళు లేచింది. ఇప్పుడు జాకీ దూరింది. పైకెత్తి, రెండు పక్కలా ఇనుప స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, కారుని భుజంతో తోసి చూశాను. కదల్లేదు.

"ఆయిల్ పట్టడానికి ఏముంది?" అని నన్ను నేనే అడిగాను.

"అటక కింద పాత బేసిన్" అన్నారు అత్తగారు.

ఈ బేసినూ నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో అందులో బట్టలు నానబెట్టబోతే చేతిలోంచి లాక్కున్నారు. ఎందుకని అడిగితే "దానికి చిల్లి" అన్నారు. ఇప్పుడు నీళ్ళు పోసి చూశాను. చిల్లి లేదు. ఒక అంచు మాత్రం ముక్కులా వంచి ఉంది, ఒలకబోయకుండా డబ్బాలోకి వంపుకోవడానికి వీలుగా.

"మీ నాన్నగారు బాగా ముందుచూపున్న మనిషి" అన్నాను మా ఆయనతో.

"మరేమనుకున్నావ్?" అన్నారు మా ఆయన. బఠానీల గిన్నెలో గింజలు కాస్త గట్టిగా పడ్డాయి.

*

పాత దుప్పటి పరుచుకుని వెల్లకిలా పడుకున్నాను. మడమలతో నేలని తోసుకుంటూ కారు కిందికి జారాను. కారు ఎత్తిన తర్వాత కూడా ముక్కుకీ కింది రేకుకీ మధ్య జానెడే. టార్చి ఛాతీ మీద పెట్టుకుంటే ఊపిరి పీల్చినప్పుడల్లా వెలుగు పైకీ కిందికీ ఊగుతోంది.

"ఎలా ఉంది?" అన్నారు మా ఆయన.

"ఫొటో స్టూడియోలో ఉన్నట్టుంది. కదలకూడదు, నవ్వకూడదు."

ఈ కారు పొట్టకి అడ్డంగా ఒక రేకు ఉంటుంది, రాళ్ళు తగలకుండా. దాని మధ్యలో పుస్తకమంత మూత, నాలుగు స్క్రూలతో. మూడు స్క్రూలు మర్యాదగా వచ్చాయి. నాలుగోది వస్తూ వస్తూ మూడేళ్ళ మట్టి నా మొహాన కొట్టింది. మూత చేతిలోకి ఊడింది. లోపల రెండు బోల్టులు కనిపించాయి. ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. అక్కచెల్లెళ్ళలా ఒకే పోలిక.

ఏది విప్పాలి?

మూతని పక్కన పెట్టబోతూ తిరగేశాను. లోపలివైపు శుభ్రంగా ఉంది. దాని మీద తెల్ల ఎనామిల్ రంగుతో రెండు మాటలు, ఎర్రరంగుతో వాటికి నీడలు. నీడ లేని అక్షరం గోడ మీద నిలబడదనేవారట మా మామగారు. ఎండ మొహం చూడని చోట కూడా అక్షరాలకి నీడ వేశారు మహానుభావుడు.

"ఇక్కడ రాసి ఉందండీ, 'ముందు అడుగు' అని" అన్నాను.

కుర్చీ కిర్రుమంది. "నాన్న రాతా? 'గు' కొమ్ముకి తోక ఉందా?"

"ఉంది. వంకీ తిరిగి ఉంది."

"నాన్నదే!" ఆయన చెప్పులు కారు దగ్గరికొచ్చాయి. "చూశావా? పోయాక కూడా దారి చూపిస్తున్నాడు. ముందు అడుగు. అంటే ముందువైపు అడుగున ఉన్నదని. ముందు బోల్టు విప్పు."

పానా తీసుకుని ముందు బోల్టుకి తగిలించాను. తగిలించి ఆగాను.

ఆగడానికి కారణం పాంట్లు. మామగారు పోయాక ఆయన పాంట్లు కత్తిరించి సంచులు కుట్టింది నేనే. ఒక్కో పాంటుకి మూడేసి కూరగాయల సంచులు వచ్చాయి. ఆ నడుం చుట్టుకొలత నా కత్తెరకి కంఠస్థం. ఇప్పుడు నేను ఊపిరి బిగబట్టి పడుకున్న ఈ సందులో ఆ సంచుల్లో ఒకదాన్ని నింపి పెడితే ఇరుక్కుంటుంది. మూడూ కలిపి ఎలా పట్టాయి?

రెండో కారణం ఆ మాటే. మెదడు ఊరుకోక మళ్ళీ చదివింది. ముందు అడుగు. ముందువైపు అడుగు కావచ్చు. కానీ 'అడుగు' అంటే ప్రశ్నించు అని కూడానూ. ముందు అడుగు, తర్వాత విప్పు. అలాగైతే, తన కారు కింద, తను మాత్రమే చూసే చోట, 'అడుగు' అని తనకి తనే ఎవరు రాసుకుంటారు? అది ఇంకొకరికి రాసినది. ఈ సందులో పట్టే ఇంకొకరికి.

మా అత్తగారు నిలబడితే గోడకి ఆనించిన చీపురులా ఉంటారు.

తెలిసిపోయింది. కానీ తెలిసిందని చెప్పేస్తే సరదా ఏముంది? "సరే, ముందు బోల్టే విప్పేస్తున్నా!" అని వీధి చివరికి వినపడేలా అరిచాను. పానా మాత్రం తిప్పలేదు.

బఠానీల చప్పుడు ఆగింది. పేముకుర్చీ మూలిగింది. చెప్పుల్లేని అడుగులు నాలుగు. నా నెత్తిన బానెట్ మీద టక్, టక్.

"ఏంటమ్మా?" అన్నారు మా ఆయన.

"ఈగ" అన్నారు అత్తగారు.

నేను పానా తీసి వెనక బోల్టుకి తగిలించాను. "పోనీ, వెనకది విప్పేదా?"

టక్. ఒక్కటే.

"మళ్ళీ ఈగేనా?"

"అదే ఈగ."

చీకట్లో పడుకుని నాలో నేనే నవ్వుకున్నాను. నవ్వితే పొట్ట రేకుకి తగిలింది.

*

ఏ బోల్టో తెలిసింది కానీ అది కదల్లేదు. "ఎడమకి తిప్పు" అన్నారు మా ఆయన.

"ఎవరి ఎడమకి?"

"నీ ఎడమకే. కాదు, నువ్వు పడుకున్నావు కదా... నీ కుడికి. ఆగు." ఆయన చెప్పులు ఒకసారి అటు తిరిగాయి, ఒకసారి ఇటు తిరిగాయి. మనిషి తన చుట్టూ తను తిరిగి చూసుకుంటున్నారు. "నీ తల ఎటుంది?"

"మెడ మీదే ఉంది. ఎన్నింటికి పడిపోతుందో చెప్పలేను."

మూడు కావస్తోంది. చేతులు లాగేస్తున్నాయి. నాలుగింటికి పళ్ళ డాక్టరు వస్తాడు, తాళాలు పట్టుకుపోతాడు, సోమవారం నుంచి నేను లోకాన్ని మళ్ళీ మామూలు ఎత్తునుంచే చూడాలి. దానికంటే ఈ దుప్పటి మీదే ఉండిపోవడం నయమనిపించింది.

"ఒరే" అన్నారు అత్తగారు, "అటక మీద పెద్ద గరాటు ఉంటుంది. వెతికి పట్రా."

గరాటు నేను పొద్దున్నే కడిగి బకెట్లో పెట్టాను. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. మా ఆయన చెప్పులు మెట్లెక్కాయి.

మరుక్షణం నా పక్కన వెలుగు మూసుకుపోయింది. కొంగు నడుముకి బిగించుకుని, అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఉత్తరం పెట్టెలో ఉత్తరం జారినట్టు జారి నా పక్కకి వచ్చారు.

"జరుగు."

"అత్తయ్యా!"

"అరవకు, రేకు మోగుతుంది. ఎడమా కుడీ మర్చిపో. పిడి అటు చివర పెట్టు. నీ వైపు లాక్కో. దొంగని జుట్టు పట్టుకు లాగినట్టు."

లాక్కున్నాను. బోల్టు కిచ్ మంది.

"అదీ. ఇక చేత్తో తిప్పు. ఊడే ముందు బేసిన్ కిందికి లాక్కో, మొహం పక్కకి పెట్టుకో. నల్లగా వస్తే మనది. బంగారంలా వస్తే కొంప మునిగినట్టే, అది గేర్లది."

"మీకెలా తెలుసు?"

"ఒకసారి ముంచాను." ఆవిడ రేకుని వేలితో తడిమారు, ఎప్పటి గోడో తడిమినట్టు. "మొదటిసారి. నేనే ముందుది విప్పేశాను. గేర్ల ఆయిల్ అంతా బేసిన్లో తళతళా. మీ మామయ్య పైనుంచి లబోదిబోమన్నారు. ఆయనకి ఇంజను గురించి అంతా తెలుసు, పుస్తకం మొత్తం చదివారు. కిందికి దూరమంటే మాత్రం భుజం దగ్గరే ఆగిపోయేవారు. నాకేమో ఏమీ తెలీదు, ఎంతైనా దూరగలను."

"అందుకని రాశారా?"

"మూత విప్పి ఇమ్మన్నారు. బల్ల మీద పెట్టుకుని, నీడలతో సహా గంటసేపు రాశారు. 'ముందు నన్ను అడుగు' అని వివరంగా రాయొచ్చుగా అన్నాను. అక్షరాలు లెక్కపెట్టి రాసే మనిషి కదా, 'నన్ను' అని ఎందుకు, నువ్వు అడగడానికి నేను కాక ఇంకెవరున్నారు అన్నారు."

బోల్టు చుట్టూ ఒక నల్లటి చుక్క ఊరి, ఆలోచించి, నా మణికట్టు మీద పడింది. వెచ్చగా ఉంది.

"మాట్లాడితే వీధికి వినపడుతుందని, నేను పానా పెట్టి ఊరుకునేదాన్ని. ఆయన వంగి చూసి, అవునంటే ఒకటి కొట్టేవారు, కాదంటే రెండు."

"ఎందుకత్తయ్యా అంత దాపరికం?"

"ఆయనకి సిగ్గు, నాకు సరదా. అయిపోయాక నా చేతులు ఆయన చేతులకి రుద్దేదాన్ని, మోచేతుల దాకా. నేను చేతులు కడుక్కుని కాఫీ పెట్టుకునేదాన్ని, ఆయన గేటు దగ్గర నిలబడేవారు." ఆవిడ చిన్నగా నవ్వారు. "ఆ చేతుల్లో విద్యుందని జనం అంటుంటే లోపల్నించి వినేదాన్ని. బాగుండేది. వాడికి చెప్పకు. వాళ్ళ నాన్న చేతులంటే వాడికి ప్రాణం. అందుకే నిన్న అమ్మేస్తానన్నా నోరు మెదపలేదు. కారు పోతే పోయింది, ఆ చేతులు ఉంటాయి కదా అని."

నేను తల పక్కకి తిప్పాను. ముందు చక్రం పక్కన రెండు చెప్పులు ఉన్నాయి. ఎప్పటినుంచి ఉన్నాయో తెలీదు. మెట్ల వైపు తిరిగి లేవు, మా వైపే తిరిగి ఉన్నాయి. ఏదైనా వెతకడానికి వెళ్ళిన మా ఆయన ఇంత నిశ్శబ్దంగా తిరిగొచ్చినట్టు నా కాపురంలో లేదు.

అత్తగారికి చెప్పాలి. చెప్పలేదు.

"బోల్టు వదిలేయ్" అన్నారు ఆవిడ. వదిలేశాను. పాత ఆయిల్ నల్లటి తాడులా బేసిన్లోకి దిగింది. ఎక్కడా తెగకుండా, చప్పుడు లేకుండా. తర్వాత అడుగున పేరుకున్న మడ్డి, ముద్దగా, బద్ధకంగా. ఇద్దరం పక్కపక్కనే పడుకుని అది ఆఖరి చుక్క దాకా జారడం చూశాం. నా జన్మలో అంత శ్రద్ధగా ఇంకేదీ చూసిన గుర్తులేదు.

చెప్పులు మెల్లగా మెట్ల దాకా వెళ్ళాయి. అక్కణ్ణించి చప్పుడు చేసుకుంటూ తిరిగొచ్చాయి. "అటక మీద గరాటు లేదమ్మా!" అన్నారు మా ఆయన, ఉండాల్సినదానికంటే కొంచెం గట్టిగా.

"బకెట్లో చూడు" అన్నారు అత్తగారు కారు కిందినుంచి.

ఆయన "నువ్వక్కడ ఏం చేస్తున్నావ్?" అని అడగలేదు.

*

బోల్టుకి కొత్త వాషరు వేసి బిగించాను. పాత ఫిల్టరు విప్పి కొత్తది పెట్టాను. దాని రబ్బరు చుట్టుకి ఒక వేలు ఆయిల్ రాయమని అత్తగారు చెప్పారు, పసిపిల్లకి రాసినట్టు. అంతవరకూ అయ్యాక ఇద్దరం బయటికి వచ్చాం. పైనుంచి గరాటు పట్టుకున్నది మా ఆయనే. నాలుగున్నర లీటర్లు పోసి, పుల్ల ముంచి చూసి, ఇంజను రెండు నిమిషాలు తిప్పి ఆపాను. కింద కాగితం పరిచి చూస్తే ఒక్క చుక్క లేదు. మూడూ నలభై.

మిగిలింది మూత. నేను అందుకోబోతే అత్తగారు చెయ్యి అడ్డం పెట్టారు. "అది నేను పెడతాను" అని మూత పట్టుకుని మళ్ళీ కిందికి జారిపోయారు.

అప్పుడే గేటు దగ్గర పళ్ళ డాక్టరు. తన దగ్గరికి వచ్చేవాళ్ళని గంటల తరబడి కూర్చోబెట్టే మనిషి, ఇక్కడికి మాత్రం పావుగంట ముందు వచ్చాడు. చుట్టూ తిరిగి చూశాడు. పళ్ళ డాక్టరు కదా, ముందు గ్రిల్లు చూశాడు.

"అబ్బ, స్టాండ్ల మీదున్నా ఎంత కిందికుందండీ! దీని ఆయిల్ అదీ ఎవరు మారుస్తారు?"

"ఇంట్లోనే" అన్నారు మా ఆయన.

"అవునవును. మీ నాన్నగారి సంగతి మా క్లినిక్కు బోర్డు రాసినప్పుడు విన్నాను. మరి తాళాలు ఇప్పుడే ఇచ్చేస్తారా?"

మా ఆయన నా వైపు చూశారు. నా మొహాన మట్టి, మణికట్టున మసి. మాటంటే మాట అని నేను గుర్తుచేస్తే అది నా గెలుపే అవుతుంది. ఆయనంతట ఆయన అంటే ఏమవుతుందో చూడాలనిపించింది.

"ముందు అడగాలండీ" అన్నారు ఆయన. "నిన్న అడగడం మర్చిపోయాను."

"ఎవర్ని?"

మా ఆయన కారు మీదికి వంగారు. "ఏమంటావ్? కారు ఇచ్చేద్దామా?" అన్నారు, బానెట్‌తో.

స్క్రూ తిరుగుతున్న చప్పుడు ఆగింది. తర్వాత కిందినుంచి, రేకు మీద, టక్, టక్.

డాక్టరు ఒక అడుగు వెనక్కి వేశాడు. "కింద ఎవరో ఉన్నారండీ!"

"మా నాన్నగారి మెకానిక్కు" అన్నారు మా ఆయన. "పాతమనిషి. ఒప్పుకోవడం లేదు."

"మరి మీరు నాకు మాటిచ్చారుగా?"

"దానికి నాదే తప్పు. మన్నించండి. ఈవిడకీ ఒక మాటిచ్చాను, ఈవిడ నెగ్గింది."

డాక్టరు నన్ను చూశాడు, కారు చూశాడు, కారు కిందినుంచి బయటికొచ్చిన రెండు సన్నటి పాదాలు చూశాడు. ఇంకేదో అడగబోయి, ఈ ఇంట్లో అడగడం అంత క్షేమం కాదనుకున్నట్టున్నాడు, వెళ్ళిపోయాడు. గేటు దాటాక కూడా రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

మా ఆయన నేల మీద కూర్చుని వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని బయటికి లాగారు. ఆవిడ లేచి కూర్చున్నారు. జుట్టుకి మట్టి, చేతులు మణికట్ల దాకా నలుపు. ఎదురుగా కొడుకు తెల్లటి అరచేతులు. అలవాటు చొప్పున, చూసుకోకుండా, ఆవిడ తన కుడిచెయ్యి అతని కుడిచేతికి రుద్దడం మొదలుపెట్టారు. వేళ్ళ సందుల్లో, మణికట్టు చుట్టూ, పైకి మోచేతి దాకా. సగంలో గుర్తొచ్చి ఆగిపోయారు.

మా ఆయన రెండో చెయ్యి కూడా చాపారు.

"ఆపావేం?" అన్నారు. "ఇది మిగిలిపోయింది."